ఆయిల్‌పామ్ చెట్టుకు రోజుకు ఎన్ని నీళ్లు? పాలమూరు, నల్లగొండ నేలల్లో లెక్క కట్టే పద్ధతి

"చెట్టుకు రోజుకు రెండు వందల లీటర్లు పెట్టు, సరిపోతది" అన్న మాట ఆయిల్‌పామ్ తోటల్లో అందరి నోటా వినిపిస్తుంది. ఆ అంకె కాపు చెట్టుకు డిసెంబరులో ఎక్కువ, మేలో చాలదు. రెండో ఏడు మొక్కకైతే నడి ఎండాకాలంలో కూడా అన్ని నీళ్లు అక్కరలేదు. నీళ్లు పుష్కలంగా ఉన్నచోట ఈ తేడాను ఎవరూ పట్టించుకోకపోయినా నడుస్తుంది. వాన ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరులోపే పడి, మిగతా కాలమంతా బోరు మీద బతికే మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, నల్లగొండ, సూర్యాపేట వైపు నడవదు. నెలకో అంకె, వయసుకో అంకె వేసుకోవాలి. అంతకంటే ముందు, మొక్క నాటకముందే మే నెల అంకెను మీ బోరుతో సరిచూసుకోవాలి. కావలసిన పనిముట్లు సెల్‌ఫోన్‌లో క్యాలిక్యులేటరు, కొలిచే టేపు, 200 లీటర్ల డ్రమ్ము, లీటరు కొలజాడీ, గడ్డపార.

లెక్కకు మూలం

ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తు నీళ్లు నిలిస్తే అవి ఒక లీటరు. వాన, ఆవిరి, తడి మూడూ ఈ ఒక్క కొలతతోనే ఒకదానికొకటి ముడిపడతాయి. సూత్రం ఇది:

చెట్టుకు రోజుకు లీటర్లు = ఆ నెల ఆవిరి (మి.మీ.) × పంట గుణకం × చెట్టు నీడ వైశాల్యం (చదరపు మీటర్లు) ÷ నీరు పెట్టే పద్ధతి సామర్థ్యం

మొదటి అడుగు: ఆవిరి ఎంతో తేల్చుకోవడం

ఎండ, వేడి, గాలి కలిసి రోజుకు ఎన్ని మిల్లీమీటర్ల నీటిని లాగేస్తాయన్నది మొదటి అంకె. దీన్ని రెండు దారుల్లో పట్టుకోవచ్చు.

ఒకటి ఆవిరి తొట్టి. వాతావరణ పరిశీలన కేంద్రాల్లో 120 సెంటీమీటర్ల వెడల్పు, పాతిక సెంటీమీటర్ల లోతు ఉన్న గుండ్రటి తొట్టిని చెక్క పీట మీద పెట్టి, అందులో రోజూ ఎన్ని మిల్లీమీటర్లు తగ్గాయో రాస్తారు. పాలెం, కంపసాగర్ వంటి వ్యవసాయ పరిశోధనా స్థానాల్లో అడిగి చూడండి. తొట్టిలోని నీరు చెట్టు కంటే తొందరగా ఆవిరవుతుంది కాబట్టి ఆ అంకెను 0.7తో గుణించాలి. తొట్టిలో 10 మి.మీ. తగ్గితే మనం వాడే అంకె 7.

రెండోది ఉష్ణోగ్రత లెక్క. దీనికి మీ మండలంలోని పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం తెలిస్తే చాలు. ఆవిరి = 0.0023 × ఎండ అంకె × (సగటు ఉష్ణోగ్రత + 17.8) × (గరిష్ఠం, కనిష్ఠాల తేడాకు వర్గమూలం). ఎండ అంకె మన అక్షాంశానికి డిసెంబరు, జనవరిలో 11 నుంచి 11.5, ఫిబ్రవరిలో 13, మార్చిలో 14.5, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దాదాపు 15.5 నుంచి 16, అక్టోబరులో 13.5, నవంబరులో 12.

మేలో పగలు 40, రాత్రి 27 డిగ్రీలు అనుకుందాం. సగటు 33.5. తేడా 13, దాని వర్గమూలం 3.6. కాబట్టి 0.0023 × 15.9 × 51.3 × 3.6 అంటే సుమారు 6.8 మి.మీ. డిసెంబరులో పగలు 29.5, రాత్రి 16 అయితే అదే లెక్కకు 3.8 వస్తుంది. ఈ సూత్రం గాలిని లెక్కలోకి తీసుకోదు. వడగాలి కొట్టే రోజుల్లో పది శాతం కలుపుకోండి.

ఇదంతా ఎందుకు, చేతికి అంకెలు కావాలంటే: డిసెంబరు 3.7, నవంబరు, జనవరి 4, ఫిబ్రవరి 5, మార్చి 5.8, ఏప్రిల్ 6.6, మే 7. ప్రణాళిక వేసుకోవడానికి ఈ ఉజ్జాయింపు చాలు. ఒక్కో రోజు ఎండ తీరును బట్టి తర్వాత సర్దుకోవచ్చు.

రెండో అడుగు: నీడను కొలవడం

చాలామంది ఇక్కడే తప్పుతారు. ఆయిల్‌పామ్‌ను 9 మీటర్ల దూరంలో త్రిభుజాకారంలో నాటితే ఎకరాకు 57 మొక్కలు, ఒక్కో మొక్క వాటాకు 70 చదరపు మీటర్ల నేల వస్తుంది. లెక్కలోకి ఆ 70 మొత్తం తీసుకోకూడదు. నీరు వదిలేది ఆకు. కాబట్టి మిట్టమధ్యాహ్నం చెట్టు కింద నీడ ఎంత దూరం పరుచుకుందో టేపుతో రెండు దిక్కుల కొలిచి, సగటు వెడల్పు తీసుకోండి. వెడల్పును వెడల్పుతో గుణించి, దాన్ని 0.785తో గుణిస్తే వైశాల్యం. నీడ 4 మీటర్లు ఉంటే 12.6 చదరపు మీటర్లు, 6 మీటర్లు ఉంటే 28.3, 8 మీటర్లు ఉంటే 50.3.

తోటలో కనీసం పది చెట్లు కొలవండి. గట్టు పక్కవి, నడి తోటవి, బోరుకు దూరంగా ఉన్నవి కలిపి కొలవాలి. ఏటా ఫిబ్రవరిలో ఒకసారి కొలిస్తే ఆ వేసవికి అదే అంకె సరిపోతుంది.

మూడో అడుగు: గుణకం, సామర్థ్యం

ఆవిరి అంకెలో చెట్టు వాడుకునే వంతే పంట గుణకం. ప్రపంచ ఆహార, వ్యవసాయ సంస్థ పట్టికలో తాటి జాతి చెట్లకు గుణకం 0.95 నుంచి 1.0, ఖర్జూరానికి 0.90 నుంచి 0.95 ఉంటుంది. తోట ఆకులు నేలనంతా కమ్మేసి, గాలిలో ఓ మోస్తరు తేమ ఉన్న పరిస్థితికి వేసిన అంకెలవి. మన వేసవి అట్లాంటిది కాదు. గాలి మరీ పొడిబారితే ఆయిల్‌పామ్ మధ్యాహ్నం ఆకు రంధ్రాలను మూసేసుకుంటుంది. అప్పుడు మీరెన్ని నీళ్లు పోసినా అది తాగేది పెరగదు. అందుకే నీడ వైశాల్యం మీద 0.75 వేసుకుని మొదలుపెట్టండి. తర్వాత నేల తేమను చూసి పెంచాలో తగ్గించాలో తేల్చుకోవచ్చు.

సామర్థ్యం, అంటే పోసిన నీటిలో వేరుకు చేరే వంతు, డ్రిప్‌కు 0.9, నీటిని చుట్టూ చల్లే మైక్రోజెట్‌కు 0.85. కాలువ తీసి పాదులకు పారిస్తే 0.6 కూడా దక్కదు, చల్క (ఎర్ర) నేలలో అయితే మరీను.

ఇప్పుడు మే నెలకు లెక్క వేద్దాం. ఆవిరి 7, గుణకం 0.75, డ్రిప్ 0.9. నీడ 4 మీటర్లున్న రెండో ఏడు మొక్కకు 73 లీటర్లు. 6 మీటర్లున్న మూడో, నాలుగో ఏడు చెట్టుకు 165. నీడ 8 మీటర్లకు వచ్చిన కాపు చెట్టుకు 293. అదే కాపు చెట్టుకు డిసెంబరులో 155, ఫిబ్రవరిలో 210, ఏప్రిల్‌లో 277 చాలు.

మొదటి ఏడు మొక్క దగ్గర మాత్రం సూత్రాన్ని గుడ్డిగా నమ్మకండి. రెండు మీటర్ల నీడకు 18 లీటర్లు అని వస్తుంది. కానీ ఆ మొక్క చుట్టూ బోడి నేల కాలుతూ ఉంటుంది, అక్కడి వేడిగాలి నాలుగు వైపుల నుంచీ ఆకును తాకుతుంది. వేరు కూడా ఇంకా మూరెడు లోతు దాటదు. అందుకని 30 లీటర్ల దాకా ఇవ్వండి, అదీ ఒకేసారి కాకుండా పొద్దున సగం, సాయంత్రం సగం. అంతరపంట వేస్తే దాని నీళ్లు వేరే లెక్క. మొక్క వాటాలోంచి తీయకూడదు.

నాలుగో అడుగు: బోరును మే నెలలో కొలవడం

ఎకరాకు 57 చెట్లు, ఒక్కోదానికి 293 లీటర్లు అంటే మేలో రోజుకు 16,700 లీటర్లు. ట్రాక్టర్ ట్యాంకర్ 5,000 లీటర్లదైతే ఎకరాకు రోజూ మూడు ట్యాంకర్లు దాటుతుంది. తోట ఎంత పెట్టాలో తేల్చేది ఈ అంకే. నాటేటప్పుడు మొక్క తాగేది కొంచెమే కాబట్టి మొదటి రెండేళ్లు ఏ బోరైనా సరిపోతున్నట్టే కనిపిస్తుంది. ఇబ్బంది అయిదో ఏట బయటపడుతుంది, అప్పటికి తోట మీద పెట్టుబడంతా పెట్టేసి ఉంటారు.

"రెండించుల నీళ్లు పోస్తది" అన్న అంచనాతో లెక్క కుదరదు. ఏప్రిల్ చివర గానీ మేలో గానీ మోటరు వేసి రెండు గంటలు ఆగకుండా నడవనివ్వండి. మొదట వచ్చే ధార బోరు గొట్టంలో నిలిచిన నీళ్లది, అది మోసం చేస్తుంది. రెండు గంటల తర్వాత డ్రమ్ము కింద పెట్టి నిండేదాకా సెకండ్లు లెక్కపెట్టండి. మూడుసార్లు చేసి సగటు తీయండి. 7,20,000ను ఆ సెకండ్లతో భాగిస్తే గంటకు లీటర్లు. 144 సెకండ్లకు నిండితే గంటకు 5,000.

రోజుకు ఏడు గంటలు నడిపితే 35,000 లీటర్లు. బోరు ఏటేటా తగ్గే ప్రాంతం కాబట్టి అందులో అయిదో వంతు పక్కన పెడితే 28,000. దాన్ని 16,700తో భాగిస్తే ఎకరం ముప్పావు కూడా నిండుగా రాదు. అటువంటి బోరు కింద నాలుగెకరాలు పెడితే మేలో ప్రతి చెట్టుకూ సగం కంటే తక్కువే అందుతుంది.

కాలువ నీరు ఉందన్న ధైర్యంతో పెట్టేవారు ఒకటి చూసుకోవాలి: కల్వకుర్తి ఎత్తిపోతల అయినా, సాగర్ ఎడమ కాలువ అయినా, ఏప్రిల్, మే నెలల్లో మీ తూముకు నీళ్లు వచ్చిన ఏళ్లెన్ని? రానప్పుడు కుంట నింపుకోవాలి. 20 మీటర్ల చదరం, 3 మీటర్ల లోతు, పక్కలు ఏటవాలుగా తవ్విన కుంటలో ఏడు లక్షల లీటర్ల పైచిలుకు పడతాయి. షీటు వేయకపోతే చల్కలో ఇంకిపోతాయి. వేసినా మేలో నీటి మీద నుంచి రోజుకు 2,800 లీటర్లు ఆవిరవుతాయి, అంటే దాదాపు పది కాపు చెట్ల వాటా. మార్చి ఆఖరుకు నింపిన కుంట ఆవిరి పోగా ఒక ఎకరాన్ని మే నెల దాటిస్తుంది, అంతకు మించి ఆశించకండి. నవంబరు నుంచి మే దాకా కాపు తోటకు ఎకరాకు మొత్తం 26 లక్షల లీటర్లు కావాలన్నది గుర్తు పెట్టుకుంటే కుంట సైజు ఎంతన్నది మీకే తేలిపోతుంది.

అయిదో అడుగు: నీళ్లు ఎంత జాగాలో పడుతున్నాయి

లీటర్లు సరిగ్గా ఇచ్చి కూడా చెట్టును బెట్టకు గురిచేసే పొరపాటు ఒకటుంది. చెట్టుకు నాలుగు డ్రిప్పర్లు, అవీ కాండం చుట్టూ మూరెడు దూరంలో బిగించి వదిలేయడం.

చల్క నేల మీటరు లోతులో సుమారు 100 మి.మీ. నీటిని చెట్టుకు అందేలా పట్టి ఉంచుతుంది. దుబ్బ (ఇసుక) నేల 60, నల్లరేగడి 180. ఆయిల్‌పామ్ తిండి వేళ్లు ఎక్కువగా పై 60 సెంటీమీటర్లలోనే ఉంటాయి. అంటే చల్కలో 60 మి.మీ. నిల్వ. అందులో సగం తగ్గేసరికి చెట్టు ఇబ్బంది పడటం మొదలవుతుంది, కాబట్టి వాడుకోగలిగేది 30 మి.మీ. చల్కలో ఒక డ్రిప్పరు తడిపేది మీటరు వెడల్పు కూడా ఉండదు, నీరు పక్కలకు పాకకుండా నేరుగా కిందికి దిగుతుంది. నాలుగు డ్రిప్పర్లూ కలిసి మహా అయితే 3 చదరపు మీటర్లు. 3 × 30 అంటే 90 లీటర్ల నిల్వ. చెట్టు రోజుకు తాగేది 260. మీరు 290 పోస్తే మిగిలింది వేరు కిందికి జారిపోతుంది, దాంతోపాటు యూరియా, పొటాష్ కూడా. ట్రాన్స్‌ఫార్మర్ కాలి ఒక్క రోజు మోటరు ఆగిందంటే ఆ చెట్టుకు ఆధారమే ఉండదు.

నీడ వైశాల్యంలో కనీసం మూడో వంతు తడవాలి. కాపు చెట్టుకు అది 17 చదరపు మీటర్ల దాకా. అప్పుడు నిల్వ 500 లీటర్లు, రెండు రోజులు తట్టుకుంటుంది. దీనికి రెండు దారులున్నాయి. కాండానికి మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో లాటరల్‌ను (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు) చుట్టూ తిప్పి ఎనిమిది నుంచి పది డ్రిప్పర్లు పెట్టడం ఒకటి. చెట్టుకు రెండు మైక్రోజెట్లు పెట్టడం రెండోది. ఒక్కో జెట్టు మీటరున్నర దూరం చల్లితే రెండూ కలిసి 14 చదరపు మీటర్లు తడుపుతాయి, 17కు కాస్త తక్కువైనా దగ్గరే. చల్క, దుబ్బ నేలల్లో జెట్టే మేలు. రేగడిలో తడి తనంతట తానే పక్కలకు పాకుతుంది కాబట్టి డ్రిప్ రింగు చాలు. మొక్క పెరిగేకొద్దీ తడిపే జాగా కూడా బయటికి జరగాలి: మొదటి ఏడు పాదు కాండం నుంచి మీటరు, రెండో ఏడు రెండు మీటర్లు, మూడో ఏడు మూడు మీటర్లు. నాటినప్పుడు బిగించిన డ్రిప్పరు ఆరో ఏట కూడా కాండం మొదట్లోనే కారుతున్న తోటలు ఎక్కడ చూసినా కనిపిస్తాయి.

ఆరో అడుగు: లీటర్లను గంటల్లోకి మార్చడం

గంటకు 40 లీటర్ల జెట్లు రెండుంటే చెట్టుకు గంటకు 80. జెట్టు సామర్థ్యం 0.85 కాబట్టి మేలో 311 లీటర్లు కావాలి, అంటే నాలుగు గంటలకు కొంచెం తక్కువ. ఎకరానికి గంటకు 57 × 80 = 4,560 లీటర్లు. బోరు గంటకు 5,000 పోస్తే ఒకసారికి ఒక్క ఎకరం గేటువాల్వే తెరవాలి. తొందరపడి రెండు వాల్వులు ఒకేసారి తెరిస్తే ఒత్తిడి పడిపోతుంది. జెట్టు చల్లడం మాని కారుతుంది, లైను చివరి చెట్లకు చుక్కలే మిగులుతాయి.

కాగితం మీద 40 అన్నది తోటలో నిజంగా 40 వస్తోందా? నెలకోసారి చూడాలి. లైను మొదట్లో, నడుమ, చివర కలిపి ఇరవై చోట్ల డ్రిప్పరు కింద డబ్బా పెట్టి సరిగ్గా ఆరు నిమిషాలు పట్టండి. కొలిచిన మిల్లీలీటర్లను వందతో భాగిస్తే గంటకు లీటర్లు. 8 లీటర్ల డ్రిప్పరుకు 800 మి.లీ. రావాలి. జెట్టు అయితే దాని మీద ముక్క పైపు తొడిగి బకెట్లోకి మళ్లించండి. ఇరవై అంకెల్లో తక్కువగా ఉన్న అయిదింటి సగటును మొత్తం సగటుతో భాగించండి. 0.85 పైన ఉంటే లైను బాగుంది. 0.75 కంటే తక్కువైతే గంటలు పెంచి లాభం లేదు, ముందున్న చెట్టు మునుగుతుంది, వెనకది ఎండుతుంది. ముందు లైను బాగుచేయాలి.

చివర్లోనే తక్కువ వస్తే ఒత్తిడి చాలడం లేదు: ఒకేసారి ఎక్కువ వాల్వులు తెరిచారు, లేదా లాటరల్ మరీ పొడవుంది. ఫిల్టరుకు ముందూ వెనుకా ఒత్తిడి తేడా చదరపు సెంటీమీటరుకు అర కిలో దాటితే ఫిల్టరు కడగాలి. అక్కడక్కడ, ఏ వరసా లేకుండా తక్కువ వస్తే అది సున్నం. మన బోరు నీళ్లు చాలాచోట్ల చౌడు, సున్నం కలిసినవి. డ్రిప్పరు విప్పితే లోపల తెల్లటి పెచ్చు గోటికి తగులుతుంది. దీనికి యాసిడ్ పెట్టాలి. పది లీటర్ల బకెట్‌లో మీ బోరు నీళ్లు తీసుకుని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ను మిల్లీలీటరు చొప్పున కలుపుతూ పీహెచ్ కాగితంతో చూడండి. 4కు రావడానికి ఎంత పట్టిందో ఆ నిష్పత్తినే లైనులో నింపాలి. రాత్రంతా ఉంచి, పొద్దున లాటరల్ చివరలు విప్పి నీళ్లు తేటబడేదాకా వదలాలి. ఎప్పుడూ నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి.

నల్లగొండలో నీటి పరీక్ష అనగానే ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. అది తాగే నీళ్ల సంగతి. తోట కోసం చేయించేటప్పుడు ఉప్పు, సున్నం, పీహెచ్ చూడమని చెప్పండి.

వాన పడితే ఎన్ని రోజులు ఆపాలి

నిలువు గోడలున్న డబ్బాను తోటలో చెట్ల నీడ పడని చోట పెట్టి, వాన తెల్లారి స్కేలుతో లోతు కొలవండి. 5 మి.మీ. లోపు వానను లెక్కలోకి తీసుకోకండి, అది ఆకులు, ఎండుగడ్డి తడపడానికే సరి. అంతకు మించితే 70 శాతం వేరుకు చేరిందనుకోండి. జూలైలో ఆవిరి 4.8, గుణకం 0.75 కాబట్టి చెట్టు రోజుకు 3.6 మి.మీ. వాడుతుంది. 25 మి.మీ. వాన పడితే 17.5 దక్కింది, అయిదు రోజులు మోటరు ఆపొచ్చు.

అయితే 100 మి.మీ. కుండపోత పడితే ఇరవై రోజులు ఆపొచ్చనుకోవద్దు. నేల పట్టేంతే పడుతుంది. చల్కలో 30 మి.మీ., అంటే ఎనిమిది రోజులు. దుబ్బలో అయిదు, రేగడిలో పదిహేను. ఆగస్టులో వానలు వెనుదీసి రెండు మూడు వారాలు ఎండ కాసినప్పుడు "వానాకాలమే కదా" అని మోటరు వైపు చూడని తోటలకు దెబ్బ తగిలేది ఇక్కడే.

తొలకరిలో ఇంకో జాగ్రత్త. వేసవంతా డ్రిప్ కింద నీరు ఆవిరై, తడి అంచున తెల్లగా ఉప్పు పేరుకుని ఉంటుంది. చిరుజల్లు పడగానే ఆ ఉప్పు కరిగి వేరు దగ్గరికి వస్తుంది. కాబట్టి మొదటి జల్లులప్పుడు డ్రిప్ ఆపకుండా నడపండి. గట్టి వాన పడి ఉప్పు కిందికి దిగాక ఆపండి.

నేలను అడగడం

లెక్క సరిపోయిందో లేదో పదిహేను రోజులకోసారి గడ్డపారతో చూడాలి. తడి పెట్టిన మర్నాటి పొద్దున, మళ్లీ మోటరు వేయకముందు, తడిసిన చోటి అంచు నుంచి జానెడు లోపలికి గుంత తీయండి. 30, 60 సెంటీమీటర్ల దగ్గర పిడికెడు మట్టి తీసి పిసకండి. చల్క మట్టి ముద్దయి, వేలితో తాకితే విరిగితే తేమ సరిగ్గా ఉంది. ముద్ద కాకుండా రాలిపోతే తక్కువైంది. వేళ్ల సందుల్లో తడి అంటి మెరిస్తే ఎక్కువైంది. 30 దగ్గర సరిగ్గా ఉండి 60 దగ్గర పొడిగా ఉంటే గంటలు పెంచండి. 60 దగ్గర రోజూ బురదగా ఉంటే తగ్గించండి. ఒక్కసారికి పది, పదిహేను శాతం మించి మార్చొద్దు. మార్చాక వారం ఆగి మళ్లీ చూడండి.

దుబ్బలో, చల్కలో రోజూ తడి ఇవ్వాలి. రేగడిలో రెండు రోజులది కలిపి రోజు విడిచి రోజు ఇవ్వొచ్చు, అక్కడ వేరుకు గాలి ఆడటం ముఖ్యం. సాగర్ కాలువ కింది రేగళ్లలో నీళ్లు నిలిచి ఆకు పసుపెక్కితే, నీరు చాలలేదనుకుని ఇంకా పెట్టేవారున్నారు. గుంత తీస్తే అయిదు నిమిషాల్లో తేలిపోయే సంగతి అది.

చెట్టు ఆలస్యంగా చెబుతుంది

విచ్చుకోని మొవ్వు ఆకులను లెక్కపెట్టండి. నిలువుగా బల్లెంలా నిలబడ్డవి రెండుకు మించి మూడు, నాలుగు చేరాయంటే చెట్టుకు నీరు చాలడం లేదు. ఆ తర్వాత కింది మట్టలు పచ్చగా ఉండగానే విరిగి వాలతాయి. గెలల మీద దెబ్బ మాత్రం వెంటనే కనపడదు. పూగుత్తి ఆడదా మగదా అన్నది గెల కోతకు దాదాపు రెండేళ్ల ముందే తేలిపోతుంది. ఆ సమయంలో బెట్ట తగిలితే మగవి ఎక్కువవుతాయి. కోతకు పది నెలల ముందు తగిలితే లేత పూగుత్తులే మాడిపోతాయి. ఈ మే నెలలో తగ్గించిన నీళ్లకు లెక్క వచ్చే ఏడు, ఆ పైయేడు గెలల్లో తేలుతుంది. అప్పుడు వరసగా మగ గెలలు చూసి ఎరువు మార్చడం, మందు కొట్టడం వృథా ఖర్చు.

బత్తాయి పెంచిన అలవాటు ఉన్న నల్లగొండ రైతులకు ఇది మరీ ముఖ్యం. బత్తాయిని కొన్నాళ్లు బెట్టకు వదిలితే పూత ఒక్కసారిగా వస్తుంది. ఆయిల్‌పామ్ ఏడాది పొడుగునా ఆకుకో పూగుత్తి వేస్తూనే ఉంటుంది. దాన్ని ఏ నెలలో ఎండబెట్టినా ఆ నెల కాపు పోయినట్టే.

నీళ్లు చాలని ఏడు

మొదట మూడేళ్లలోపు మొక్కలకు పూర్తి వాటా ఇవ్వండి, వాటికి కావలసింది తక్కువే. ఆ మొక్కల పూగుత్తులను రెండున్నర, మూడేళ్లు వచ్చేదాకా తీసేస్తూ ఉండాలి. కొట్టిన మట్టలను ముక్కలు చేసి, తడి పడే చోట జానెడు మందాన పరచండి, కాండానికి ఆనకుండా. నేల మీది ఆవిరి గణనీయంగా తగ్గుతుంది. జెట్లను రాత్రిపూట నడపండి. పచ్చి మట్టలు నరకొద్దు, కాపు చెట్టుకు నలభై దాకా ఉండాలి. పాదులో గడ్డి లేకుండా చూడండి. ఉన్న నీళ్లను చెట్లన్నిటికీ సమంగా పంచండి గానీ, వారానికోసారి ముంచి మిగతా రోజులు ఎండబెట్టకండి. చల్క ఆ వారం నీటిని దాచి ఉంచలేదు.

కొబ్బరి, ఖర్జూరం

సూత్రం అదే, అంకెలే వేరు. కొబ్బరికి గుణకం 0.75తోనే మొదలుపెట్టండి. నీడ 7 మీటర్లుంటే మేలో 225 లీటర్లు వస్తుంది. నీరు తగ్గితే కొబ్బరి పిందె రాల్చి చెబుతుంది. ఖర్జూరాన్ని 8 మీటర్ల చదరంలో నాటితే ఎకరాకు 63 మొక్కలు. అది ఎడారి చెట్టు కదా, నీళ్లెందుకు అనుకోవద్దు. బెట్టకు చావదు గానీ కాయ ఊరాలంటే నీరు కావాలి, గుణకం 0.95 వేయండి. 6 మీటర్ల నీడకు మేలో 209 లీటర్లు. ఆయిల్‌పామ్ ఓర్చుకోలేని ఉప్పు నీటిని ఖర్జూరం ఓర్చుకుంటుంది, వేరు కూడా లోతుకు పోతుంది కాబట్టి గుంతను మీటరు దాకా తీసి చూడాలి. దీనికి కాయ రంగు తిరిగే వేళకే మన దగ్గర వానలు మొదలవుతాయి. ఆ మూడు, నాలుగు వారాలు తడిని సగానికి తగ్గించి, గెలలకు పైనుంచి వాన తగలకుండా సంచి కట్టి, అడుగు వైపు గాలి ఆడేలా తెరిచి ఉంచండి. కోత అయిపోయిన మర్నాటి నుంచే పూర్తి వాటాకు తిరిగి రండి.